జారిపోయిన మాట

హెడ్మాష్టరు గారి పేజీ

పిల్లలూ! ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి కదిరి వైపు పల్లె నుంచి వచ్చింది. వ్రాసినది ఏడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి. ఆ ఉత్తరం చదివాక ఆ రోజంతా నాకు మరొక పని తోచలేదు. ఎందుకో మీరే చూడండి.

ఆ అమ్మాయి నాయన కువైటులో పని చేస్తాడు. అక్కడ శుక్రవారం సెలవు. కాబట్టి ప్రతి శుక్రవారం సాయంత్రం ఇంటికి ఫోను చేస్తాడు. ఇంట్లో అవ్వ, అమ్మ, ఆ పిల్ల, ఒక తమ్ముడు ఉన్నారు. వాళ్ళకు నాలుగెకరాల మెట్ట ఉన్నది. అందులో ఇదివరకు వేయించిన రెండు బోర్లూ ఎండిపోయినవి. ఆ వారం బోరు బండి పక్క ఊరికి వచ్చింది. మూడవ బోరు వేయించాలా, వద్దా? అవ్వ కొడుకును అడిగింది. కువైటు నుంచి జవాబు వచ్చింది:

“బోరు వేయించమ్మా!”

అవ్వకు ప్రాణం లేచివచ్చింది. తన మెడలోని గొలుసు తాకట్టు పెట్టి, తెల్లవారగానే బోరు బండివాడికి బయానా ఇచ్చి వద్దామన్నది. కాని ఆ పిల్లకు ఎందుకో సందేహం కలిగింది. “అవ్వా! నాయన గొంతు నడుమ ఒకసారి వణికినట్లయింది. ఒక్కసారి వ్రాసి పంపమని అడుగుదాం,” అన్నది. అడిగితే ఫోనులో అక్షరాలు వచ్చినవి: “బోరు వేయించొద్దమ్మా. ముందు పాత అప్పు తీరనీ.”

చూశారా, ఎంత పని జరగబోయిందో! “వేయించొద్దమ్మా” అన్న మాట నడుమ నుంచి “ఒద్దు” ఒక్కటి జారిపోతే “వేయించమ్మా” అయి కూర్చుంటుంది. మన తెలుగులో కాదనే మాట క్రియకు తోకలాగా అంటుకుని ఉంటుంది. ఆ తోక తెగితే అర్థం తలక్రిందులవుతుంది.

ఆ అమ్మాయి నన్ను అడిగినవి రెండు ప్రశ్నలు. “సార్! ఒకే తీగ మీద వచ్చిన వ్రాత చెక్కు చెదరకుండా వచ్చింది, మాట మాత్రం తెగింది. ఎందువల్ల? తెగినది మా ఇంట్లోనా, ఊళ్ళోనా, సముద్రం అవతలనా? అది తెలుసుకునేది ఎలాగ?”

మంచి ప్రశ్నలు. ఒక్కొక్కటే చూద్దాం.

మాట పొట్లాలుగా ప్రయాణం చేస్తుంది

మీరు ఫోనులో మాట్లాడితే ఆ మాట నీటి ధార లాగా ఏకంగా పోతుందనుకుంటారు. అలా పోదు. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ పొట్లం కట్టి, పైన చిరునామా వ్రాసి పంపుతారు. ఇంగ్లీషులో వీటిని పాకెట్లు అంటారు. ఆ పేరు పెట్టినది డొనాల్డ్ డేవిస్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు. అది 1960ల నడిమి కాలపు మాట. దాదాపు ఆ రోజులలోనే అమెరికాలో పాల్ బారన్ అనే ఆయన కూడా విడిగా ఇటువంటి పద్ధతినే ఆలోచించాడు. ఈ పద్ధతి మీద 1969 అక్టోబరు 29వ తేదీన కాలిఫోర్నియాలో రెండు కంప్యూటర్ల నడుమ మొదటి సందేశం పంపబోయారు. “లాగిన్” అనే మాట పంపాలని వారి ప్రయత్నం. మొదటి రెండు అక్షరాలు చేరగానే అవతలి యంత్రం ఆగిపోయింది. కాబట్టి మాట తెగిపోవటం ఈ విద్యకు పుట్టుకతోనే వచ్చిందనుకోవచ్చు.

మామూలుగా ఇళ్ళలో వాడే వలలో ఒక పొట్లంలో 1500 బైట్లకు మించి పట్టవు. 30 లక్షల బైట్ల ఫొటో ఒకటి పంపితే అది రెండు వేలకు పైగా పొట్లాలై బయలుదేరుతుంది. గొంతు సంగతి వేరు. సాధారణంగా సెకండును యాభై ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ఒక పొట్లంలో పెడతారు. “ఒద్దు” అనటానికి పావు సెకండు పడుతుందనుకోండి. అంటే ఇంచుమించు పన్నెండు పొట్లాలు. ఆ పన్నెండు వరుసగా దారిలో పోతే చాలు, బోరు పడినట్లే!

మరి వ్రాత ఎందుకు పోలేదు?

వ్రాతను తీసుకుపోయే పద్ధతికి టి.సి.పి. అని పేరు. ఈ పద్ధతిని వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనే ఇద్దరు 1974లో ప్రకటించారు. ఇది రశీదు తపాలా వంటిది. అవతలివాడు “ఫలానా పొట్లం అందింది” అని రశీదు పంపాలి. రశీదు రాకపోతే ఇవతలివాడు అదే పొట్లాన్ని మళ్ళీ పంపుతాడు. అందుచేత ఆలస్యం కావచ్చునేమో గాని, అక్షరం పోదు.

మాటకు అంత తీరిక లేదు. పోయిన ముక్కను మళ్ళీ తెప్పించుకునే లోపల మాట్లాడేవాడు ఇంకొక వాక్యంలో ఉంటాడు. అందుకని గొంతును సాధారణంగా యు.డి.పి. అనే పద్ధతిలో, రశీదు లేకుండా పంపుతారు. పోయినది పోయినట్లే. పైగా ఫోను ఒక చిన్న మాయ కూడా చేస్తుంది. ఒకటి రెండు ముక్కలు రాకపోతే, అంతకు ముందు వచ్చిన శబ్దాన్నే కొంచెం సాగదీసి ఆ కంత పూడుస్తుంది. మంచికే చేస్తుంది. కాని దానివల్ల మాట తెగిన సంగతి వినేవాడికి తెలియకుండా పోవచ్చు. అవ్వకు జరిగినది అదే. ఆ పిల్ల చెవికి తెలిసిన వణుకు ఆ పూడ్చిన కంతే!

కాలువ వెంట నడిచిన లస్కరు

ఇక రెండవ ప్రశ్న. పోతున్నది ఎక్కడ?

అనంతపురం సీమ పిల్లలకు ఇది చెప్పటం నాకు చాలా సులువు. మనకు తుంగభద్ర ఆనకట్ట నుంచి ఎగువ కాలువ వస్తుంది. అందరూ హెచ్చెల్సీ అంటారు. దానిలో ఆంధ్రకు కేటాయించినది 32.5 టి.ఎం.సి.ల నీరు. కాని ఆనకట్ట దగ్గర వదిలిన నీరంతా చివరి మడికి చేరదు. కొంత ఎండకు ఆవిరవుతుంది, కొంత గట్లలోకి ఇంకుతుంది, కొంత గండి పడి పోతుంది. చివరి పొలం రైతు “నీళ్ళు రాలేదు” అని అరిస్తే, గండి ఎక్కడ ఉన్నదో ఆ అరుపుకు తెలియదు. లస్కరు ఏం చేస్తాడు? కాలువ వెంట నడుస్తూ ఒక్కొక్క చోట గేజి రాయి చూస్తాడు. ఈ రాయి దగ్గర నిండుగా ఉండి, ఆ రాయి దగ్గర తక్కువైతే, నష్టం ఆ రెంటి నడుమనే ఉన్నది. ఊరికే కాలువంతా త్రవ్విపొయ్యడు.

పొట్లాల దారికి కూడా గేజి రాయి ఉన్నది. దాని పేరు పింగ్. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్ దీనిని వ్రాశాడు. జలాంతర్గాములు శబ్దం పంపి, ప్రతిధ్వని విని, ఎదుట ఏమున్నదో తెలుసుకుంటాయి గదా, ఆ శబ్దం పేరే దీనికి పెట్టాడు. “ఉన్నావా?” అని ఒక చిన్న పొట్లం పంపితే, అవతలి యంత్రం “ఉన్నాను” అని తిరుగు పొట్లం పంపుతుంది. నూరు పంపి, ఎన్ని తిరిగి వచ్చినవో లెక్కపెట్టటమే పరీక్ష.

విండోస్ కంప్యూటరులో పింగ్ అని ఊరికే వ్రాస్తే నాలుగే పంపుతుంది. నాలుగు చాలవు. ఇరవైలో ఒకటి పోయే దారిలో నాలుగు పంపితే, నాలుగూ క్షేమంగా రావటమే ఎక్కువ సార్లు జరుగుతుంది. కాబట్టి పింగ్ తరువాత అడ్డగీత, ఎన్ అక్షరం, 100 అంకె వ్రాసి, ఆ తరువాత చిరునామా వ్రాయాలి. మీ ఇంటి రౌటరు చిరునామా చాలా ఇళ్ళలో 192.168.1.1 అని ఉంటుంది. లేదా పెట్టె అడుగున అంటించిన చీటీ మీద చూసుకోండి. బయటి ప్రపంచానికి గుర్తుగా 8.8.8.8 అనే గూగుల్ వారి చిరునామా వాడవచ్చు.

నేను ఆ అమ్మాయికి జవాబుగా మూడు సంగతులు వ్రాశాను. మొదటిది, రెండు గేజి రాళ్ళ దగ్గరా చూడు. ఒకటి ఇంటి రౌటరు, రెండవది బయటి చిరునామా. రెండవది, ఒక్కసారి చూసి ఊరుకోక వేరు వేరు వేళల చూడు. మూడవది, లెక్కతో పాటు ఆ వేళ ఏం జరుగుతున్నదో కూడా నోటు పుస్తకంలో వ్రాసుకో.

నోటు పుస్తకం చెప్పిన నిజం

ఆ పిల్ల పెదనాన్న కొడుకు లాప్‌టాప్ అరువు తెచ్చుకున్నది. మొదట వంటింట్లో కూర్చుని రౌటరుకు నూరు పొట్లాలు పంపితే తొమ్మిది రాలేదు! “దొంగ దొరికాడు” అనుకున్నది. కాని రౌటరుకూ వంటింటికీ నడుమ మూరెడు మందం రాతి గోడ ఉన్నది. వైఫై అలలు రాతి గోడ దాటేసరికి నీరసపడతాయి. సాయంత్రం ఫోనులో మాట్లాడేది రౌటరు ప్రక్కనే, వసారాలో. కాబట్టి ఆ దొంగ వేరు, ఈ దొంగ వేరు. అందుచేత ఆమె పెట్టెతో వచ్చిన తీగతో లాప్‌టాప్‌ను రౌటరుకు నేరుగా కలిపి పరీక్ష మొదలుపెట్టింది. అనుమానం ఉన్న వాటిలో ఒకదానిని అలా పూర్తిగా ప్రక్కకు పెట్టవచ్చు.

ఆమె పంపిన పట్టిక ఇది. ప్రతిసారీ నూరేసి పంపింది.

సోమవారం ఉదయం 6 గంటలు: గాలి లేదు, ఎవరూ వాడటం లేదు. రౌటరు దగ్గర పోయినవి 0, బయట పోయినవి 0.

సోమవారం సాయంత్రం 7 గంటలు: గాలి ఎక్కువ, ఊరంతా సినిమాలు చూస్తున్నది. రౌటరు 0, బయట 14.

మంగళవారం మధ్యాహ్నం 2 గంటలు: గాలి ఎక్కువ, అందరూ చేలలో ఉన్నారు. రౌటరు 0, బయట 11.

బుధవారం సాయంత్రం 7 గంటలు: గాలి లేదు, ఊరంతా చూస్తున్నది. రౌటరు 0, బయట 1.

గురువారం ఉదయం 6 గంటలు: గాలి ఉన్నది, ఎవరూ వాడటం లేదు. రౌటరు 0, బయట 9.

పిల్లలూ! ఇక్కడ చదవటం ఆపి, ఒక నిమిషం ఆలోచించండి. దోషం ఎవరిది?

మొదటి రెండు వరుసలు మాత్రమే చూసినవాడు ఏమంటాడు? “సాయంత్రం జనం ఎక్కువ, అందుకే పోతున్నవి,” అంటాడు. అది తెలివితక్కువ మాట కాదు. రద్దీలో పొట్లాలు పోవటం నిజమే. రౌటరులో పొట్లాలు వరుసలో నిలబడటానికి కొంతే చోటు ఉంటుంది. అది నిండితే కొత్తగా వచ్చినవాటిని పారవేస్తుంది. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, 400 గజాల దూరంలో ఉన్న రెండు సంస్థల నడుమ ఇటువంటి రద్దీ ఏర్పడి, సెకండుకు 32,000 బిట్లు నడవవలసిన దారిలో 40 బిట్లే నడిచినవి. అప్పుడు వాన్ జాకబ్సన్ అనే శాస్త్రజ్ఞుడు, పొట్లం పోయిందంటే దారి ఇరుకైనదని అర్థం చేసుకుని పంపేవాడే నెమ్మదించాలనే పద్ధతి కనిపెట్టాడు. ఈనాటికీ ఆ మర్యాద మీదనే ఇంటర్నెట్టు నడుస్తున్నది.

కాని మన పట్టికలో బుధవారం చూడండి. జనం అంతే ఉన్నారు, పోయినది ఒక్కటి. మంగళవారం చూడండి. జనం లేరు, పోయినవి పదకొండు. గాలి ఉన్న మూడుసార్లూ పోయినవి. గాలి లేనప్పుడు దాదాపు పోలేదు. దోషం జనానిది కాదు, గాలిది! ఆషాఢ మాసంలో మన సీమలో గాలి ఎట్లా వీస్తుందో మీకు చెప్పనక్కరలేదు. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టినది ఊరికేనా?

ఇల్లు దాటిన తరువాత

ఐతే గాలి ఊపుతున్నది దేనిని? బయటి దారి అంటే ఇంటి గోడ నుంచి ప్రపంచమంతా ఉన్నది. ఇక్కడ మరొక సాధనం కావాలి. దాని పేరు ట్రేస్‌రూట్. దారిలో ఉన్న మజిలీలన్నిటినీ వరుసగా చూపిస్తుంది. గాలి వేళ చూస్తే, ఇల్లు దాటిన మొదటి మజిలీ నుంచే జవాబులు తప్పిపోతున్నవి. అక్కడి నుంచి చివరి వరకు ప్రతి మజిలీలోనూ అలాగే తప్పుతున్నవి.

ఈ “చివరి వరకు” అన్నమాట మరిచిపోకండి. నడుమ ఒక మజిలీలో మాత్రమే తప్పిపోయి, దాని తరువాతవి చక్కగా పలికితే అది దోషం కాదు. కొన్ని యంత్రాలు చేతినిండా పని ఉండి, ఇతరుల పొట్లాలను శ్రద్ధగా దాటిస్తాయి గాని, తమను పలకరిస్తే మాత్రం ప్రతిసారీ పలకవు. మోపు ఎత్తుకుని పోయేవాడు మన పలకరింపుకు బదులు చెప్పకపోతే మోపు పారేశాడని అర్థమా? పెద్దవాళ్ళు కూడా ఇక్కడ పొరబడతారు.

తరువాత ఆ పిల్ల నేను చెప్పని పని ఒకటి చేసింది. అదే కరెంటు స్తంభం నుంచి తీగ తీసుకున్న ఎదురింటికి వెళ్ళి, గాలి వీస్తున్నప్పుడే అక్కడ నూరు పంపింది. నూరూ తిరిగి వచ్చినవి! ఇక స్తంభం వరకు దారి బాగున్నట్లే. దోషం స్తంభానికీ వాళ్ళ ఇంటికీ నడుమ ఉన్న తీగలోనే. సముద్రం అవతల కాదు, వాకిట్లోనే!

ఆ పుటను ఆమె లైను చూసే అతనికి చూపించింది. అంతకు ముందు రెండుసార్లు ఫోను చేస్తే “రౌటరు ఆపి మళ్ళీ వెయ్యండి” అని జవాబు వచ్చేదట. ఈసారి అతను పట్టిక చదివి, తిన్నగా మిద్దె ఎక్కాడు. గాజు తీగను పిట్టగోడ మీది ఇనుప కమ్మీకి బిగించి, మొన తిరిగేటట్లు వంచి కట్టి ఉన్నది. గాలి లాగినప్పుడల్లా ఆ వంపు ఇంకా బిగుసుకుంటున్నది.

గాజు తీగలో పోయేది కరెంటు కాదు, వెలుగు. వెంట్రుక వంటి గాజు పోగులో అది గోడలకు కొట్టుకుంటూ లోపలే ఉండిపోతుంది. కాని పోగు మరీ వంగితే, వెలుగు వంపు దగ్గర బయటికి కారిపోతుంది. అతని దగ్గర వెలుగు కొలిచే సాధనం ఉన్నది. తీగ కదలకుండా ఉంటే అది మైనస్ 19 చూపింది. చేత్తో లాగితే మైనస్ 29కి పడిపోయింది. ఈ లెక్కలో మూడు తగ్గితే వెలుగు సగమవుతుంది. పది తగ్గితే పదవ వంతే మిగులుతుంది. ఇటువంటి పెట్టెలకు మైనస్ 27 లోపుగా ఉంటేనే వెలుగు స్పష్టంగా కనబడుతుంది. అది దాటితే పెట్టెకు చీకటి. ఆ చీకటి క్షణంలోనే “ఒద్దు” జారిపోయింది!

అతను తీగ కోసి, కొత్తగా అతికి, జానెడు వెడల్పున గుండ్రంగా చుట్ట వదిలి కట్టాడు. ఊపి చూశాడు. మైనస్ 18 నుంచి కదలలేదు.

మీరూ చెయ్యండి, కాని జాగ్రత్త

స్తంభాల మీద కరెంటు తీగలుంటాయి. మీరు ఎన్నడూ ఎక్కవద్దు, కట్టెతో కూడా తాకవద్దు. విరిగిన గాజు తీగ కొనలోకి కన్ను పెట్టి చూడవద్దు. అందులోని వెలుగు కంటికి కనబడదు, ఐనా కంటికి చెరుపు చెయ్యగలదు. పరీక్ష మీది, మరమ్మతు పనివాడిది.

ఈ నెల మీ పని ఇది. మీ ఇంట్లోగాని, బడిలోగాని అయిదు వేళల పరీక్ష చేసి పట్టిక వ్రాయండి. గాలి, జనం, గది, వేళ అన్నీ వ్రాయండి. ఒకసారికి ఒక సంగతే మార్చండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ఇక అవ్వ సంగతి. తరువాతి శుక్రవారం కూడా గాలి జోరుగానే వీచిందట. కాని మాట ఒక్కటీ తెగలేదు. గొలుసు మెడలోనే ఉన్నది. బోరు బండి వేరే ఊరికి పోయింది. ఆ చేలో ఈ ఏడు వాన మీదనే కొర్రలు వేశారు.

అవ్వ మాత్రం ఒక కొత్త అలవాటు పట్టింది. కొడుకు ముఖ్యమైన మాట ఏది చెప్పినా, “వద్దన్నావు గదా, నాయనా?” అని మళ్ళీ అడిగి, అతను “అవునమ్మా” అన్నాకనే ముందుకు పోతుంది. టి.సి.పి. అనే పేరు ఆమె ఎన్నడూ వినలేదు.

వచ్చే నెల, గాజు పోగులో వెలుగు ఎందుకు బయటికి రాకుండా ఉంటుందో, ఒక గ్లాసు నీళ్ళతో చేసి చూద్దాం.